కదిలే గోడలు

మా ఇంటికి కొత్తగా వచ్చేవారు గడప దాటగానే నాలుగు గోడలూ కలయజూసి, కాస్త మొహమాటపడుతూ అడిగే ప్రశ్న ఒకటే. "బొమ్మలు చాలా ఉన్నాయని విన్నామే, ఎక్కడండీ?"

వారి తప్పేమీ లేదు. మూడువందల పైచిలుకు పటాలూ, బొమ్మలూ ఉన్న ఇల్లు అని ఎవరో చెప్పి ఉంటారు. నగరం నుంచి అల్వాలు దాటి, హకీంపేట దాటి, కరీంనగర్ రోడ్డు విడిచి దేవరయాంజాల్ దాకా అంత దూరమూ వచ్చి చూస్తే, హాలులో ఏడో ఎనిమిదో వస్తువులు కనబడతాయి. "మిగతావి పడుకొన్నాయండీ" అంటుంది మా ఆవిడ. వచ్చినవారు నవ్వుతారు గాని, ఆమె చెప్పేది అక్షరాలా నిజం.

ఈ సంపద మేము కూడబెట్టినది కాదు. మా మామగారు ముప్ఫయ్యేళ్ళపాటు డ్రాయింగు మాస్టరుగా పల్లెటూరి హైస్కూళ్ళలో పనిచేశారు. బదిలీ అయిన ప్రతి ఊరి నుంచీ ఏదో ఒకటి తెచ్చేవారట. నిర్మల్ పటాలు, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క పిడతలు, మూత పోయిన బిద్రి పాన్‌దాన్, రవివర్మ ప్రెస్సు అచ్చులు, ఒకటి రెండు కలంకారీ గుడ్డలు ఇలా చేరినవే. డబ్బుతో కొన్నవి తక్కువ. శిష్యులు తెచ్చి ఇచ్చినవీ, పారవేయబోతుంటే అడిగి తెచ్చుకొన్నవీ ఎక్కువ. అన్నిటిలోకీ ముఖ్యమైనది చేర్యాల పటం. వెడల్పు మూడడుగులు, పొడవు ముప్ఫయి. పద్మశాలీల ముంగిట్లో కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతూ విప్పి చూపించే పటమది. ఎర్రటి నేలమీద వరుస వరుసగా దేవతలు, ఋషులు, మగ్గాలు, యుద్ధాలు. ఖాదీ గుడ్డకు గంజీ, సుద్దా, చింతగింజల అంబలీ, బంకా కలిపి పూతలు పూసి, ఆ పైన నకాషీవారు వేసిన బొమ్మలవి.

మామగారు పోయిన తరువాత ఆ ఇల్లు అమ్మకానికి వచ్చింది. పెట్టెలు తెరిచారు. వాటాలు వేసుకోవలసిన బిడ్డలు ముగ్గురు.

"ముప్ఫయి అడుగుల గుడ్డను ఎవరింట్లో వేలాడదీస్తాం బావగారూ? వరుసకొక ముక్కగా కత్తిరించి అద్దాలు కట్టిస్తే తలా కొన్ని వస్తాయి. నాన్నగారి గుర్తుగా గోడమీద ఉంటాయి. నలుగురూ చూస్తారు" అన్నారు మా పెద్ద బావమరిదిగారు.

ఆయన దురాశతో అన్నమాట కాదది. రెండు పడకగదుల ఫ్లాటులో ఉండే మనిషికి తోచే మాటే. అలా ముక్కలై ఫ్రేములకెక్కిన పాత పటాలు లేకపోలేదు కూడాను. కాని మా ఆవిడ ఒప్పుకోలేదు.

"రామాయణాన్ని కాండకొకరుగా పంచుకొంటామా అన్నయ్యా?"

"అయితే నువ్వే పెట్టుకో. కాని పెట్టెలో పెట్టి మగ్గబెడితే మాత్రం ఊరుకోను. రెండేళ్ళు చూస్తాను. ఆపైన నా మాట వినాలి" అన్నారాయన.

అదీ మాకు పడ్డ షరతు. పటం బతకాలంటే కనబడాలి. కనబడాలంటే ఇల్లు కావాలి. దేవరయాంజాల్‌లో ఏనాడో కొన్న మూడువందల గజాల స్థలం ఉండనే ఉన్నది. సీతారామస్వామి గుడి ఉన్న ఊరు. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. ఇప్పుడు తోటల చోట ప్రహరీగోడలు మొలిచాయి. సరే, మేమూ ఒక గోడ కట్టాము.

కట్టబోయేముందు మా ఆవిడా నేనూ నాలుగుచోట్ల తిరిగి చూశాము. హైదరాబాదు మనిషికి ఈ విషయంలో మొదట గుర్తుకు వచ్చేది సాలార్‌జంగు మ్యూజియమే. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించేనాటికి ఆయన కొన్న వస్తువులు మహళ్ళనిండా పరుచుకొని ఉన్నాయి. వాటిని ఒక క్రమంలో పెట్టే పని జేమ్స్ కజిన్స్‌గారికి అప్పగించారు. దివాన్ దేవిడీ అనే ఆ నివాసభవనంలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున కట్టిన ఇప్పటి భవనానికి మార్చారు. నలభై వేలకు పైగా వస్తువులున్నా, గదుల్లో చూపించేది కొంత భాగమే. నవాబుగారి ముచ్చటను కాదనను గాని, వస్తువులు మహళ్ళను నింపేసి ఇంటిని ఇల్లు కాకుండా చేసిన కథగానే నాకు తోచింది. మనకు మహళ్ళు లేవు. ఉన్నది ఒక్క హాలు.

అదే నగరంలో దోమలగూడలో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు నడిచిన దారి వేరు. ఆయన శాంతినికేతనంలో చదువుకొన్న చిత్రకారుడు. 1950ల నుంచి దంపతులిద్దరూ చిత్రాలు, బిద్రి, వస్త్రాలు, జానపద శిల్పం సేకరించి, 1976లో అంతా ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. తెలంగాణా పటాల విలువ లోకానికి తెలియజెప్పినవారిలో మిత్తల్‌గారు ముందువరుసవారు. డబ్బున్నవాడి సేకరణ కాదది, కన్నున్నవాడి సేకరణ. ఎక్కువ వస్తువు లోపల భద్రంగా ఉండి, అడిగి చూసేవాడికి బయటికి వచ్చే పద్ధతి మాకు నచ్చింది.

ఇక గోడల సంగతి. లండనులో సర్ జాన్ సోన్ అనే భవనశిల్పి తన సొంత ఇంట్లో 1824లో ఒక గది కట్టుకొన్నాడు. పొడవు సుమారు పదమూడడుగులు, వెడల్పు పన్నెండు. మన పడకగదంత. అందులో వందకు పైగా పటాలున్నాయి! ఎలాగంటే, గోడలే అలమార తలుపుల్లా తెరుచుకొంటాయి. ఒక తలుపు తెరిస్తే వెనుక మరొక వరుస. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దాని ఫొటోలు చూసి మా ఆవిడ అన్నది. "ఇంత దూరం పోవాలా? మన బొమ్మల కొలువు ఇదే కదండీ!"

ఆలోచిస్తే నిజమే. సంక్రాంతికో దసరాకో అటకమీది పెట్టె దిగుతుంది. బల్లలూ, డబ్బాలూ, పుస్తకాల కట్టలూ మెట్లవుతాయి. మీద తెల్లదుప్పటి. తొమ్మిది రోజులో మూడు రోజులో పేరంటం, ఆ తరువాత మళ్ళీ పెట్టెలోకి. ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. బొమ్మలు ఏటికేడూ కొత్తగా కనబడతాయి. ఏడాది పొడుగునా ఎదురుగా ఉండే కేలండరును ఎవరు చూస్తారు? జపానువాళ్ళ ఇళ్ళలో తోకోనోమా అని చిన్న గూడు ఉంటుంది. అందులో ఒకే ఒక్క చుట్టపటం వేలాడదీసి, ఋతువు మారగానే తీసేసి ఇంకొకటి పెడతారట. మన అవ్వల బుద్ధీ, వాళ్ళ బుద్ధీ ఒకటే అన్నమాట. నా మట్టుకు నాకు డ్రాయింగురూములో నిలువెత్తు అద్దాల బీరువా చూస్తే నగల దుకాణం గుర్తుకు వస్తుంది.

అలా మా ఇంటికి ఒక సూత్రం దొరికింది. చూపే చోటు మారుతూ ఉండాలి. దాచే చోటు మాత్రం ఇంటికంతటికీ ఉత్తమమైనదిగా ఉండాలి.

రెండో మాట మేస్త్రీకి అర్థం కాలేదు. సామాన్ల గది అంటే మెట్లకింద మిగిలిన మూల అని అందరికీ తెలుసును. మేము ఇంటికి నడిమధ్య, కిటికీలు లేకుండా, స్నానాలగది గోడ తగలకుండా పది అడుగుల గది అడిగాము. నాలుగు పక్కలా గదులే ఉన్నందువల్ల ఎండాకాలపు సెగా, వర్షాకాలపు చెమ్మా దానికి నేరుగా తగలవు. పటాలకు వేడికంటే, చలికంటే కీడు చేసేది హెచ్చుతగ్గులే. ఇవాళ ఎండి రేపు ఉబ్బితే కాగితం అలలు తిరుగుతుంది, రంగు పగుళ్ళు తేలుతుంది. ఆ గదిలో వెడల్పాటి సొరుగులు పన్నెండు చేయించాము. ఒక్కొక్కటి మూడంగుళాల లోతు. పటాలు పడుకొని ఉంటాయి, మధ్య ఆమ్లం లేని కాగితం. కలంకారీని మడత పెట్టకుండా లావుపాటి గొట్టానికి చుట్టాము. మడతల దగ్గరే గుడ్డ మొదట చినుగుతుంది. ఆ విషయం పట్టుచీరెలున్న ప్రతి ఇల్లాలికీ తెలిసినదే.

ఇంక వెలుగు. ఇంట్లో పటాలకు మొదటి శత్రువు చెదపురుగు కాదండీ, ఎండ. వెలుగు కొలిచే లక్స్ అనే లెక్కలో, కాగితం, గుడ్డ, నీటిరంగులకు 50 చాలునంటారు మ్యూజియంవారు. నూనెరంగులు 200 దాకా ఓర్చుకొంటాయి. నడినెత్తి ఎండ లక్షకు చేరుతుంది! పైగా వెలుగు చేసే చెరుపు అప్పులాంటిది. దీపం ఆర్పినంత మాత్రాన తీరదు, పేరుకొంటూ పోతుంది. రంగు వెలిసిపోయిన తరువాత ఏ వైద్యుడూ తిరిగి తేలేడు. అందువల్ల హాలుకు పడమటి గోడలో ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. వెలుగంతా ఉత్తరం నుంచి వస్తుంది. నీడ వెలుగు, రోజంతా ఒకేలా ఉంటుంది. తూర్పున ఉన్న కిటికీకి వెదురు చిక్కు. రాత్రికి చిన్న ఎల్.ఇ.డి. దీపాలు, మనిషి ఎదురుగా నిలబడినప్పుడే వేస్తాము. కప్పునిండా దీపాలు పొదిగించుకొని ఇంటిని హోటలు చేసుకొనేవారిని చూస్తే నాకు జాలి.

వంటిల్లు ఈశాన్యమా ఆగ్నేయమా అని బంధువులు వాదించుకొంటూ ఉండగా, మా ఆవిడ ఒక్కటే అడిగింది. "తాలింపు పొగ ఎటు పోతుంది?" హాలులోకి రాకూడదు. అంతే. పటాలమీద సన్నటి నూనె పొర పడితే దుమ్ము అతుక్కొని కూర్చుంటుంది. అగరుబత్తీ కూడా అంతే. దేవుడి గది వేరే పెట్టాము. ఇంకొక సంగతి, మన నగరంలో వేసవికి కూలర్లు వాడుక. పొడిగా ఉన్న గదిలోకి తడిగాలి తోసి, కట్టేయగానే మళ్ళీ ఎండబెడుతుంది. కాగితపు బొమ్మలున్న చోట కూలరు వద్దు. వట్టివేళ్ళ తడకా వద్దు. సువాసన మనకు, బూజు పటానికి.

గోడలకు మేకులు కొట్టలేదు. పాత బంగళాల్లో కప్పుకు ఒక అడుగు కింద చెక్కపట్టీ ఉండేది చూడండి, దానికి కొక్కేలు తగిలించి పటాలు దించేవారు. మేము దాని బదులు ఇనుప పట్టీ బిగించాము. కొక్కెం ఎటు కావాలంటే అటు జరుగుతుంది, తీగె పొడవు ఎంత కావాలంటే అంత. మేకు కొడితే పటం గోడకు బానిస. కొక్కెమైతే ఆదివారంనాడు పది నిమిషాల పని. ప్రతి ఫ్రేముకూ వెనుక కింది మూలల్లో సీసా బిరడా ముక్కలు రెండు అంటించాము. గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు. బల్లి కాపురం మాత్రం తప్పడం లేదు. హకీంపేట నుంచి విమానం నెత్తిమీదుగా పోయినప్పుడు ఒకటి రెండు పటాలు వంకర తిరుగుతాయి. మా మనవరాలు సరిచేస్తుంది, అది ఆమె ఉద్యోగం.

పటం ఎంత ఎత్తున ఉండాలి? నిలబడి నడిచే మ్యూజియంలో పటం మధ్యభాగం అయిదడుగులకు కాస్త తక్కువలో పెడతారు. మేము చాప పరుచుకొని కూర్చొనేవాళ్ళము. మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి, పడకకుర్చీ దిగరు. నిలబడినవాడికోసం కట్టిన పటం కూర్చొన్నవాడి మెడ విరుస్తుంది. అందుకని మావి నాలుగడుగులలోపే. వచ్చినవారు వింతగా చూసి, కూర్చొన్న తరువాత ఊరుకొంటారు.

ఇల్లంతటిలో అసలు తమాషా మా కదిలే గోడలు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు చొప్పున మూడు చట్రాలు. టేకు పట్టీలు, రెండు పక్కలా ప్లైవుడ్డు, దానిమీద రంగు వేయని గాడాగుడ్డ. పడిపోకుండా అడుగున వెడల్పాటి పాదాలు, వాటికి నాలుగేసి చక్రాలు. సన్నపక్కన గూళ్ళు చేయించాము, కొండపల్లి బొమ్మలు అందులో నిలబడతాయి. వడ్రంగి నేను చెప్పినదంతా విని, పెన్సిలు చెవిలో దోపుకొని అన్నాడు. "గోడకు చక్రాలేంది సారూ? రేపు ఇంటికి రెక్కలు పెట్టుమంటరా?" అంటూనే, చక్రాలకు ఆపుడుకీలు పెట్టమని సలహా చెప్పినవాడూ అతనే. పిల్లలున్న ఇంట్లో అవి లేకపోతే ప్రమాదం. నేల విషయంలోనూ అతని మాటే నెగ్గింది. తాండూరు బండల అతుకులు ఎగుడుదిగుడు లేకుండా అరగదీయించి, లోపలి గదులకు గడపలు లేకుండా చేశాము. గడప లేని ఇల్లేమిటని అత్తయ్యగారు రెండు రోజులు మాట్లాడలేదు. వీధిగుమ్మానికి మాత్రం నిండైన గడప పెట్టించి, పసుపు రాయించాక శాంతించారు.

మూడు చట్రాలూ వరుసగా నిలిపితే పొడుగాటి గోడ. ఎదురెదురుగా పెడితే చిన్న గది, అందులో రాత్రి చుట్టాలు పడుకోవచ్చు. గోడకు చేరిస్తే హాలంతా ఖాళీ, వందమంది పేరంటానికి సరిపోతుంది. చక్రాల చట్రం చేయించలేనివారికి మరో దారి, పాత చెక్క తెర ఒకటి చాలు. మూడు రెక్కల తెర రెండు వైపులా ఆరు పటాలు మోస్తుంది.

ఇక ముప్ఫయి అడుగుల పటం. ఇల్లు పూర్తయినా దానికి దారి దొరకక మేము తన్నుకలాడాము. గోడ పొడవునా అడ్డంగా పరుద్దామంటే, అది పైనుంచి కిందికి చదివే పటం. అప్పుడు అత్తయ్యగారే అన్నారు. "కథ చెప్పేవాడు మొత్తం ఒకేసారి ఎప్పుడు విప్పాడర్రా? ఎంత కథ అయితే అంతే విప్పేవాడు."

అంతకంటే ఏ ఇంజనీరు చెప్పగలడు? పైన ఒక గుండ్రటి రోలరు, కింద ఒకటి. ఎనిమిదంగుళాల లావు, ఎందుకంటే సన్నటి కర్రకు చుడితే పూత పెళ్ళలుగా రాలుతుంది. రంగు బయటివైపుకే ఉండేలా చుట్టాలి, అప్పుడు పూత నలగదు. పాత పటాల మరమ్మతు తెలిసిన ఒకాయన వచ్చి, రేగిన చోట్ల పూత అతికించి, ఈ జాగ్రత్తలు చెప్పి వెళ్ళారు. పక్కన చిన్న పిడి, తిప్పితే పటం కదులుతుంది. ఒకేసారి అయిదడుగులు కనబడుతుంది. రెండు నెలలకొకసారి తిప్పుతాము. ఆరుసార్లు తిప్పితే పురాణం పూర్తి, సంవత్సరమూ పూర్తి. లెక్క చూడండి, పటంలో ఏ భాగమైనా పన్నెండు నెలల్లో రెండు నెలలే వెలుగు చూస్తుంది. పూర్తిగా పరిస్తే పడే చెరుపులో ఆరోవంతు!

మా ఆవిడ ఒక పుస్తకం పెట్టింది. ఏ బొమ్మ ఏ తేదీన బయటికి వచ్చిందో, ఏ తేదీన లోపలికి పోయిందో రాస్తుంది. పైన "హాజరుపట్టీ" అని పేరు. మాస్టారి కూతురు కదా. మూడు నెలలకు మించి ఏ కాగితపు బొమ్మా హాలులో ఉండదు. బిద్రికి ఆ నియమం లేదు, అది వెలుగుకు వెరవదు. అప్పుడప్పుడూ ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి తుడిస్తే నలుపు మెరుస్తుంది. తోమారో, పోయిందే. ఆ నలుపు మట్టిపూతతో వచ్చినది. పనిమనిషి చింతపండు పట్టుకొని దాని దగ్గరికి వెళితే మా ఆవిడ కేక వీధి చివరికి వినబడుతుంది. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రవి, తేలిక. పురుగు తొలిచిందేమోనని ప్రతి ఆరు నెలలకూ కింద తెల్లకాగితం పరిచి తడతాము. కాగితంమీద పిండి రాలితే ఆ బొమ్మను మిగతావాటి నుంచి వేరు చేయవలసిందే.

షరతు పెట్టిన రెండేళ్ళు తీరకముందే పెద్ద బావమరిదిగారు వచ్చారు. వచ్చిన పని ఏమిటో చెప్పలేదు, మేమూ అడగలేదు. కాఫీ తాగి, చట్రాలు నెట్టి చూసి, పటం ముందు చాపమీద కూర్చొన్నారు. ఆరోజు కనబడుతున్నది మగ్గాల వరుస. అత్తయ్యగారు పడకకుర్చీలోంచి కథ ఎత్తుకొన్నారు. భర్త చెప్పగా విన్నదేమో, ఒకచోట ఆగిపోయారు. "తరువాత ఏమైందో కింద ఉంటుంది, తిప్పి చూడు" అన్నారు కొడుకుతో. ఆయన లేచి పిడి పట్టుకొన్నారు. నియమప్రకారం ఇంకా మూడు వారాలు ఉన్నది. మా ఆవిడ పుస్తకం వంక చూసి, ఏమీ అనకుండా మూసేసింది.

ఆ తరువాత కత్తిరింపు మాట ఎవరూ ఎత్తలేదు. వాటా మాట మాత్రం ఎత్తారు. ఏటా రెండు నెలలపాటు రవివర్మ అచ్చుల్లో నాలుగు ఆయన ఫ్లాటుకు వెళ్ళి వస్తాయి. చిన్న బావమరిది లక్క పిడతలు అడిగాడు. రెండూ హాజరుపట్టీలో ఎక్కాయి, "సెలవు" అని.

ఈ వారం హాలు మళ్ళీ ఖాళీ చేయాలి. మేనకోడలికి పెళ్ళిచూపులు మా ఇంట్లోనే పెట్టారు. చట్రాలు మూడూ గోడకు చేర్చాలి, కలంకారీ లోపలికి పోవాలి. వచ్చేవారికి ఎదురుగా ఏ పటం ఉండాలన్న దానిమీద అత్తయ్యగారికీ, మా ఆవిడకూ ఇంకా తేలలేదు. మార్కండేయుడి ముందుకు యముడు వచ్చే వరుస ఇప్పుడు పటంలో కనబడుతున్నది. అది మాత్రం వద్దని ఇద్దరూ ఒప్పుకొన్నారు. సాయంత్రం ఒక వరుస పైకి తిప్పాలి.